వాఙ్మూలమును వాఙ్మయమును

చిత్తూరుమండలమున పూతలపట్టు పరిసరములయందు పెరిగినవారికి శంఖలిఖితుల కథ క్రొత్తది గాదు. పూతలపట్టునకు చేరువనున్న కాణిపాకమున, వరసిద్ధివినాయకుని సన్నిధిని, బాహుదానది కలదు. ఆకొన్న లిఖితుడు పరుల తోటలో మామిడిపండు కోసి తినెననియు, అన్నయగు శంఖుడే ఆ నేరమును రాజునకు విన్నవించెననియు, రాజు లిఖితుని చేతులు రెండును నఱికించెననియు, పిదప ఈ యేట మునుగగా ఆ చేతులు మరల వచ్చెననియు, బాహువుల నొసగినది గావున ఏటికి బాహుద యను పేరు గలిగెననియు స్థలకథ. మహాభారత శాంతిపర్వమునందును ఈ కథయే యొకింత భేదముతో గలదు. అందు ఫలములు శంఖుని యాశ్రమములోనివి. సుద్యుమ్నమహారాజు మన్నింపబోయినను లిఖితుడే పట్టుబట్టి దండనము నడిగి పొందును.

ఈ రెండు పాఠములకును గల భేదము స్వల్పమైనది గాదు. భారతమున దండనము అపరాధి కోరి పొందిన ప్రాయశ్చిత్తము. స్థలకథలో నది పైనుండి వచ్చి పడినది. పండు చిన్నది, శిక్ష పెద్దది. ధర్మశాస్త్రమును బోధించు కథ గ్రామములకు దిగివచ్చునప్పటికి దండము క్రిందనున్నవాని వైపునకు కొంత యొఱగినది. అయినను రెండింటను తుదిని చేతులు తిరిగి వచ్చును. వచ్చునని చెప్పుట పురాణధర్మము. చేతులు తిరిగి రానివారి మాట తెలుగువారి వాఙ్మయమున నెక్కడ వ్రాయబడినది, ఎట్లు వ్రాయబడినది అనునదే యిచట విచారింపబడు విషయము.

ఆ సన్నిధికే మఱియొక ప్రసిద్ధి కలదు. తగవులాడువారు స్నానముచేసి వచ్చి వినాయకుని యెదుట సత్యప్రమాణము చేయుదురు. అబద్ధమాడినవానిని దేవుడు మన్నింపడని నమ్మకము. అయితే ప్రమాణమనునది మాటకు పూచీయే గాని మాట గాదు. ‘కల్లలాడను’ అని చెప్పుట వేఱు. ‘ఈ దినమున, ఈ చోట, వీరు, నన్ను ఇట్లు చేసిరి’ అని చెప్పుట వేఱు. ఈ రెండవదియే వాఙ్మూలము. వాఙ్మయమునకును వాఙ్మూలమునకును మూలము వాక్కే. మొదటిదానికి అలంకారము శోభ; రెండవదానికి వివరము ప్రాణము. ఈ రెండును ఒకచోట గలసిన రచనలు తెలుగున మిక్కిలి యరుదు.

అట్టివానిలో మొదట తలపునకు వచ్చునది శ్రీనాథునిదని ప్రసిద్ధి గన్న బొడ్డుపల్లె చాటువు. రెడ్డిరాజ్య మంతరించిన పిదప ఆదరించు ప్రభువులేక, వృద్ధుడైన కవి కృష్ణాతీరమున బొడ్డుపల్లె గ్రామమును గుత్తకు గైకొనెననియు, ఏఱు పొంగి పైరు గొనిపోవ, మిగిలిన నువ్వులను పెసలను పిట్టలు తినిపోవ, ఏడునూఱు టంకములు చెల్లింపజాలక శిక్షకు లోనయ్యెననియు ఆ పద్యమువలన దెలియుచున్నది. చాటువులు నోటివెంట నడచివచ్చినవి గావున వాని కర్తృత్వమును నిష్కర్షించుట కష్టము. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యములను ప్రోవుచేసి ప్రకటించిరి. ‘శృంగారశ్రీనాథము’న కవిజీవితమును విచారించిరి. ఈ పద్యము శ్రీనాథుడు చెప్పినది కావచ్చును. ఆయన దురవస్థను దలచి మఱియొకడు చెప్పినదియు గావచ్చును. ప్రస్తుతవిమర్శకు రెండును సమానమే. ఏలయన అందలి సాధనములు కవికల్పితములు గావు. పొగడదండ, బొండకొయ్య మున్నగునవి నిఘంటువుల కెక్కిన శిక్షాసాధనములు. బాకీపడినవానిని నడివీధిలో నెండకు నిలుపుట, మూపున ఱాయి నెత్తుట అతిశయోక్తులు గావు, పరిపాలనాపద్ధతులు.

ఆ సీసపద్యముయొక్క నిర్మాణము గమనింపదగినది. పాదపాదమునను ఒక బిరుదమును, ఒక యవయవమును, ఒక సాధనమును గలవు. కవిరాజునకు మెడలో పొగడదండ. సార్వభౌమునకు భుజముమీద నగరివాకిటి నల్లగుండు. నైషధమును తెనిగించినవానికి కాళ్ళయందు సంకెలలు. వీరభద్రారెడ్డి కొలువున విద్వాంసుడై మెఱసినవానికి ముంజేత వెదురుగొడియ. ఈ పనిముట్లు చిరకాలమునకు వచ్చిన చుట్టములవలె వృద్ధదేహమును జేరినట్లు చెప్పుటలో నొక చేదునవ్వు గలదు. ఏడ్పు లేదు, శాపము లేదు, దైవప్రార్థనయు లేదు. పంట యేమయినదో లెక్క కలదు, బాకీ యెంతయో అంకె కలదు, తుదిని ‘ఎట్లు చెల్లింతు’నను ప్రశ్న గలదు. న్యాయస్థానమున దాఖలుచేయదగిన యర్జీకి గావలసిన యంగములన్నియు నిందున్నవి. ఎవడు, ఎచట, ఎంత, ఎందుచేత, ఏ సాధనముతో అను నైదింటికి నొక్క పద్యమున నింత సూటిగా బదులు చెప్పిన కవి మఱొకడు కానరాడు.

అయినను ఈ పద్యమున నొక కొఱత కలదు. అది గుణమువెనుక దాగియున్నది. పద్యముయొక్క బలమంతయు బిరుదములకును శిక్షలకును గల వైషమ్యమునందున్నది. ‘ఇంతవానికా ఇది?’ అని పాఠకుడు నివ్వెఱపోవును. ‘ఇది యెవనికైన తగునా?’ అను ప్రశ్న పద్యమున లేదు. పద్యమునుండి బిరుదములను దీసివేసినచో మిగులువాడు ఒక గుత్తరైతు. ఆ యేడు కృష్ణ పొంగినప్పుడు బొడ్డుపల్లెచుట్టునున్న పల్లెలలో పైరు పోగొట్టుకొన్నవారందఱి మెడలకును పొగడదండలు సిద్ధముగనే యుండును. ఆ మెడలనుగూర్చి పద్యము మాటాడలేదు. నగరివాకిట నల్లగుండు ముందే యున్నదనుటవలననే, అది శ్రీనాథునికొఱకు క్రొత్తగా దెచ్చినది గాదని తెలియుచున్నది. అంతకుముందు దానిని మోసినవారి పేరులు ఎవరికిని దెలియవు.

తరువాతి యుదాహరణము పూతలపట్టునకు సమీపదేశముననే పుట్టినది. తాళ్ళపాక అన్నమాచార్యుని చరిత్రమును ఆయన మనుమడు చిన్నన్న ద్విపదగా రచించెను. ఆ గ్రంథమును వేటూరివారు విపులమైన పీఠికతో 1949లో తిరుపతినుండి ప్రకటించిరి. స్వామిని గీర్తించినట్లే తన్నును గీర్తింపుమని సాళువ నరసింహరాజు కోరెననియు, అన్నమయ్య నిరాకరింపగా సంకెలలు వేయించెననియు, అన్నమయ్య స్వామిని వేడ సంకెలలు తెగిపడెననియు చిన్నన్న వ్రాసెను. ఇందు పన్ను లేదు, బాకీ లేదు. పాడనని చెప్పినందులకు నిర్బంధము. నేటి న్యాయశాస్త్రపరిభాషలో జెప్పవలసినచో, విచారణలేని నిర్బంధమునకు తెలుగుసాహిత్యమున నింతకంటె స్ఫుటమైన యుదాహరణము దొరకదు. అయితే కథ సంకెలవైపు చూడదు. సంకెల తెగుటవైపు చూచును. ఎన్నినాళ్ళు, ఏ గదిలో, ఎంత బరువు అను ప్రశ్నలు పుట్టకముందే యద్భుతము వచ్చి కథను ముగించును. బాహుదలో మునిగిన లిఖితుని చేతులవంటిదే యీ యద్భుతమును.

మూడవవాడు భద్రాచలరామదాసు. కంచెర్ల గోపన్న గోలకొండ తానీషా కాలమున పన్ను వసూలుచేయు నధికారి. సర్కారుసొమ్ముతో రామాలయము గట్టించెనని బందిఖానలో బెట్టించిరి. పండ్రెండేండ్లు చెఱలోనుండెననియు, రామలక్ష్మణులే మాఱువేషములతో వచ్చి తానీషాకు ఆఱులక్షలు చెల్లించి విడిపించిరనియు సంప్రదాయము. ఆయన కీర్తనలలో నొకచోట శ్రీరామునికిని పరివారమునకును చేయించిన యొక్కొక్క నగకు నెంత వ్యయమైనదో లెక్క చెప్పుటయు, దెబ్బల బాధకోర్వలేక దైవమును దూఱుటయు, మరుక్షణమున దూఱినందులకు క్షమాపణ వేడుటయు గలవు. లెక్క చెప్పుట రామదాసు వృత్తి. చెఱలోను ఆయన లెక్కను విడువలేదు. కాని యా లెక్క నగలది, దెబ్బలది గాదు. దెబ్బలు తగిలినవని యున్నదే గాని, ఎవరు కొట్టిరి, దేనితో కొట్టిరి యని లేదు. రామదాసు ఫిర్యాదు సుల్తానునకు గాదు, రామునకు. రాముని న్యాయస్థానమున వివరములతో బనిలేదు, ఆయన సర్వజ్ఞుడు. సర్వజ్ఞునకు మొఱపెట్టుకొనువాడు వాఙ్మూల మీయనక్కఱలేదు. రామదాసు కీర్తన గానముగా మిగిలి, సాక్ష్యముగా మిగులకపోవుటకు హేతు విదియే. మఱియొక సంగతి. చెఱకు బోవుటకు మున్ను ఆయనయే పన్నులు రాబట్టినవాడు. ఆయనకు ముందు ఆ బందిఖానలో బాకీదారులుగా మ్రగ్గినవారు పాటలు గట్టలేదు. కట్టినను మనవఱకు రాలేదు.

కాబట్టి పూర్వవాఙ్మయమున హింసనుగూర్చిన మాటకు మూడు లక్షణము లేర్పడుచున్నవి. హింసపడినవాడు మహాపురుషుడు, మొఱ వినువాడు రాజో, దైవమో, ముగింపు చమత్కారమో, అద్భుతమో. ఈ మూడింటిని ఒక్కసారిగా త్రోసివేసిన గ్రంథము 1855లో చెన్నపట్టణమున వెలువడినది. అది కావ్యము గాదు; తెలుగుభాషలోనిదియు గాదు. చెన్నరాజధానిలో జరుగుచున్నవని చెప్పబడిన హింసలను విచారించుటకు నియమితులైన యధికారుల నివేదిక యది.

ఆ విచారణకు బీజము నాటినవారిలో తెలుగువాడగు చెన్నపట్టణపు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి ముఖ్యుడు. ఆయన ‘క్రెసెంటు’ పత్రికను నడపెను. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, ప్రజల కష్టములను బ్రిటిషు పార్లమెంటునకు అర్జీల రూపమున విన్నవించెను. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమోరు 1853లో ఇచటికి రాగా, పన్ను వసూలుకై రైతులను బెట్టు బాధలను ఆయన దృష్టికి దెచ్చెను. 1854లో కామన్సుసభలో నీ విషయము చర్చకు వచ్చినది. అటుపిమ్మట చెన్నపురి ప్రభుత్వము ఎలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురను విచారణకు నియమించెను. వారి నివేదిక 1855 ఏప్రిలున ముగిసినది. కొలదినెలలలో వారికి చేరిన ఫిర్యాదులు 1,959. కొందఱు జాబులు వ్రాయించి పంపిరి. కొందఱు వందలమైళ్ళు నడచి చెన్నపట్టణమునకు వచ్చి స్వయముగా జెప్పుకొనిరి. పూతలపట్టు అప్పుడు ఉత్తరార్కాటుమండలమున నుండెడిది. ఆ మండలమునకు చిత్తూరే ముఖ్యస్థానము. చిత్తూరు ప్రత్యేకమండలమైనది 1911లో. కావున ఆ నివేదిక తన విచారణపరిధిలోనికి దెచ్చుకొన్న దేశములో పూతలపట్టుప్రాంతమును ఒక భాగమే.

ఆ దేశము తెలుగును అరవమును గలసియున్న నేల. నివేదికలో హింసాసాధనముల పేరులును అట్లే జంటలుగా నున్నవి. ఒకకొనను గట్టిన రెండుకఱ్ఱల నడుమ వ్రేళ్ళుంచి నిమ్మకాయను పిండునట్లు నొక్కుట ‘కిట్టి’. మనిషిని వంచి, వాని బట్టతోనో కొబ్బరినారత్రాటితోనో మెడను కాలివ్రేళ్ళను గలిపి బంధించుట ‘అనందాల్’. ఈ రెండింటికిని తెలుగుపేరులుగా నాంగ్లలిపిలో వ్రాయబడిన మాటలు ‘చీరట’, ‘గింజెరి’ యని చదువదగియున్నవి. రెండవదానికి ‘గింజుకొను’ అను క్రియతో సంబంధ ముండవచ్చును; అది యూహమాత్రమే. ఆంగ్లలిపిలో జిక్కిన యీ మాటలను సరియైన తెలుగురూపములకు దెచ్చుట భాషాపరిశోధకుల బాధ్యత. రాజుల బిరుదములను శాసనములనుండి యేర్చి కూర్చినంత శ్రద్ధతో ఈ మాటలనుగూడ నేర్చవలసియున్నది. ఏలయన ఇవి ప్రజల దేహములమీద వ్రాయబడిన శాసనములు.

మఱికొన్ని పద్ధతులును అందు జెప్పబడినవి. ఎండలో నిలుపుట, వంగినవాని వీపుమీద ఱాయి నుంచుట, అన్నము పెట్టకుండుట, కాలకృత్యములకు బోనీయకుండుట, కన్నులలో మిరపకారము చల్లుట, పశువులను మేతకు విడువకుండుట. మొదటి రెండింటిని జూచిన పాఠకునకు బొడ్డుపల్లె చాటువు జ్ఞప్తికి రాకమానదు. ఆ యెండయే, ఆ ఱాయియే. నడుమ నాలుగువందల యేండ్లు గడచినవి. గజపతులు, రాయలు, సుల్తానులు, నవాబులు, కుంఫిణీవారు వచ్చిరి, పోయిరి. వాకిటి గుండుమాత్రము కదలలేదు. చాటువును చమత్కారమని చదువుచు వచ్చినవారికి, అందలి ప్రతిసాధనమును అక్షరసత్యమని చెప్పు వ్యాఖ్యానము ఈ నివేదిక.

అయితే చాటువునకును నివేదికకును భేదము కలదు. నివేదికలోని ఫిర్యాదుదారులకు బిరుదములు లేవు. వారు కవిరాజులు గారు, భక్తాగ్రేసరులు గారు. ‘ఇంతవానికా?’ అను మాట వారి నోట రాదు. చెప్పుకొనుటకు వారికి ఉన్నది జరిగిన సంగతి యొక్కటియే. అందుచేత వారి మాట సంగతిమీదనే నిలువవలసి వచ్చినది. పేదవాని మాటకు వివరమొక్కటే యాభరణము. పూర్వవాఙ్మయమున ‘ఎవనికి జరిగెను’ అనునది ప్రధానముకాగా, ఇచట ‘ఏమి జరిగెను’ అనునది ప్రధానమయ్యెను. వాఙ్మయచరిత్రమున నిది చిన్నమలుపు గాదు. పేరులేనివాడు తన దేహమునుగూర్చి తాను చెప్పినమాట, అధికారుల విశ్వాసమును బొంది, అచ్చుపడినది.

ఇంతమాత్రమున నివేదికను నిర్దుష్టమని చెప్పుటకు వీలులేదు. అందు రెండు కంఠములు వినబడును. ఒకటి అనుబంధములలోని అర్జీదారులది, రెండవది విచారణకర్తలది. విచారణకర్తలు హింస యున్నదని నిష్పక్షపాతముగా నొప్పుకొనిరి. పన్ను వసూలునందును, పోలీసు విచారణయందును ఉన్నదనిరి. తాసీల్దారునకే పోలీసధికారమును ఉండుటవలన బాధితుడు బాధపెట్టినవానికడకే మొఱకు బోవలసి వచ్చుచున్నదనియు గుర్తించిరి. కాని తుదినిర్ణయము చేయునప్పుడు, ప్రజల మొఱ తమ దేశీయులగు చిల్లరయుద్యోగుల క్రౌర్యమునుగూర్చియే గాని ఐరోపీయాధికారుల నిర్దయనుగూర్చి గాదనిరి. ఇచట వారి తర్కము కుంటుపడినది. రైతునకు కానవచ్చినది కిట్టి పట్టుకొన్న బంట్రోతు. ఆ బంట్రోతును పంపిన తాసీల్దారు కొంత కానవచ్చును. ఇంత సొమ్ము ఈ గడువులో రావలెనని జమాబందిలో వ్రాసినవాడు వాని కంటికి కానరాడు. సాక్షి చూచినదే చెప్పును. చూడనిది చెప్పకపోవుట సాక్షియొక్క నిజాయితీ. ఆ నిజాయితీని విచారణకర్తలు పైవారి నిర్దోషిత్వముగా మార్చుకొనిరి. సాక్షి చూపునకుగల హద్దు నేరమునకు హద్దు కానేరదు. ఈ లోపమును ఆకాలముననే కారల్ మార్క్సు పట్టుకొనెను. 1857 సెప్టెంబరున ‘న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్’ పత్రికలో ఆయన వ్రాసిన వ్యాసము ఈ నివేదికయందలి సంగతులనే యాధారముగా గొని, దాని నిర్ణయమును ప్రశ్నించినది.

మఱియొక కొఱత భాషకు సంబంధించినది. అర్జీదారులు చెప్పినది తెలుగున, అరవమున. వ్రాయబడినది ఆంగ్లమున. ‘ఎండలో నిలువబెట్టిరి’ అని చెప్పిన రైతు వాక్యములోని యాస, తడబాటు, మర్యాదమాటలు అన్నియు అనువాదమున జారిపోయినవి. సాధనముల పేరులకు ఆంగ్లమున సమానపదములు లేకపోవుటచేతనే యవి మిగిలినవి. పద్యమున బిరుదములు మిగిలి రైతు పోయెను; నివేదికలో పనిముట్లు మిగిలి కంఠము పోయెను. రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చదివినగాని సంపూర్ణమైన మనిషి కానరాడు.

ఈ మాటలు వ్యర్థములు కాలేదు. 1859లో చెన్నరాజధానికి ప్రత్యేకమైన పోలీసుచట్టము వచ్చి, పోలీసుశాఖ రెవెన్యూశాఖనుండి వేఱుపడినది. 1860నాటి భారతశిక్షాస్మృతిలో 330వ విభాగము నేరమొప్పించుటకై గాని, సొమ్ము రాబట్టుటకై గాని గాయపఱచుటను ప్రత్యేకనేరముగా నిర్వచించినది. దానిక్రింద నీయబడిన యుదాహరణములలో నొకటి పన్ను బాకీకై రెవెన్యూయుద్యోగి ఒకనిని హింసించుట. ఆ హింసింపబడినవానికి చట్టమున పేరు లేదు. ‘జెడ్’ అను అక్షరము మాత్రము కలదు. బొడ్డుపల్లె పద్యముయొక్క సారమంతయు బిరుదములు లేకుండ ఆ యొక్క వాక్యమున నిమిడియున్నది. అక్షరమాత్రుడైనను వానికి శ్రీనాథునికున్న రక్షయే కలదనుట చట్టమునకు గల గొప్పతనము. 1872నాటి సాక్ష్యచట్టము, పోలీసధికారికడ నొప్పుకొన్న మాటను నిందితునిపై సాక్ష్యముగా బెట్టరాదని 25వ విభాగమున విధించినది. బాధవలన పుట్టిన మాట మాట గాదని, వాఙ్మూలము గాదని యంగీకరించుటయే యిది. 2024 జూలై 1నుండి ఈ రెండు శాసనములస్థానమున భారతీయ న్యాయసంహితయు, భారతీయ సాక్ష్య అధినియమమును అమలునకు వచ్చినవి. ఈ రెండు నియమములు వానియందును నిలిచియున్నవి.

స్వతంత్రభారతమున నీ విషయమున చేయబడిన ముఖ్యనిర్ణయమును సాహిత్యవిమర్శకుడు చదివినను గ్రహింపదగినది కలదు. డి. కె. బసు వ్యాజ్యమున 1996 డిసెంబరున సుప్రీముకోర్టు నిర్బంధవిషయమై పదునొకండు నియమములను విధించినది. పట్టుకొనువాడు తన పేరు కనబడునట్లు ధరింపవలెను, పట్టుకొన్న దినమును, వేళయు వ్రాసి సాక్షి సంతకము చేయింపవలెను, బంధువునకు తెలుపవలెను, నలువదియెనిమిది గంటల కొకపరి వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. ఈ నియమములన్నియు వివరములనుగూర్చినవే. హింస చీకటిని గోరును. ఆ చీకటి వేళ తెలియకపోవుటయందు, పేరు తెలియకపోవుటయందు, చోటు తెలియకపోవుటయందు ఉన్నది. 1993నాటి మానవహక్కుల పరిరక్షణచట్టము ముప్పదవ విభాగము, సెషన్సుకోర్టులను మానవహక్కుల న్యాయస్థానములుగా నిర్ణయించుటకు దారి చూపినది. అయినను హింసానిరోధమునకై యేర్పడిన యైక్యరాజ్యసమితి యొడంబడికపై 1997లో సంతకము చేసిన భారతదేశము దానిని ధ్రువీకరింపలేదు. 2010లో లోకసభ యామోదించిన హింసానిరోధపు బిల్లు చట్టము కాలేదు. తిరిగి 2017లో న్యాయసంఘము తన 273వ నివేదికలో అట్టి చట్టము వలయునని సూచించినది.

ఈ సంగతి తెలుగునాట పాతబడలేదనుటకు ఒక గ్రంథము నిదర్శనము. కోయంబత్తూరువాడగు ఎం. చంద్రకుమార్ యౌవనమున గుంటూరునకు బ్రతుకుదెరువునకై వచ్చి, 1983లో పోలీసునిర్బంధమున తానును తోడివారును పడిన బాధలను ‘లాకప్’ అను పేర తమిళమున వ్రాసెను. అది 2006లో వెలువడినది. దాని నాధారముగ గొని వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ చిత్రము 2015లో వెనిస్ చిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. ఆటో నడుపుకొని జీవించు మనిషి వ్రాసిన పుస్తకమది. శ్రీనాథునివలె నతడు బిరుదములు చెప్పుకొనలేదు. రామదాసువలె దైవమును దూఱలేదు. తెలుగు తెలియని తమిళకూలీలు, తమిళము తెలియని పోలీసులు, నడుమ లాఠి. 1855నాటి నివేదికలో అనువాదమున నణగిపోయిన కంఠము ఇందు తన భాషలో తాను మాటాడుచున్నది. తెలుగుపాఠకునకు దీనివలన గలుగు లాభము ప్రత్యేకమైనది. తమిళనేలనుండి వచ్చినవాని కంటితో తన యూరి ఠాణాను చూచుకొనుట అట్టి గ్రంథమువలనగాని పొసగదు.

పూతలపట్టువంటి సరిహద్దుసీమలో నీ భాషాసమస్య మఱింత తీవ్రము. 2023 జూన్‌లో తమిళనాటి కృష్ణగిరిమండలమునకు చెందిన కురవకులస్థులు కొందఱిని చిత్తూరు పోలీసులు పట్టుకొనిపోయి హింసించిరను నారోపణ వెలువడినది. నిజానిజములను తేల్చుట న్యాయస్థానముల పని. అంతకుముందే తీర్పు చెప్పుట విమర్శధర్మము గాదు. అయితే అట్టి వ్యాజ్యమున విమర్శకుడు చెప్పదగిన మాట యొకటి కలదు. ఫిర్యాదుదారు పలికినది ఏ భాష? వ్రాసికొన్నది ఏ భాష? పలికిన పేరును, వేళను, సాధనమును వ్రాసినవాడు ఉన్నదున్నట్లు వ్రాసెనా? ఈ మూడింటికి సరియైన బదులు దొరకనప్పుడు, సత్యము ఎవరి పక్షముననున్నను అది తేలదు. నిరపరాధియగు నధికారికిని, హింసింపబడిన మనిషికిని, ఇరువురకును రక్ష వివరమే.

సాహిత్యపరిశోధకులకు దీనివలన మూడు పనులు దాపురించుచున్నవి. బొడ్డుపల్లె చాటువునకు, అట్టి యితరపద్యములకును, శిక్షాసాధనముల నాధారముగా గొని చారిత్రకవ్యాఖ్యానము వ్రాయుట మొదటిది. 1855నాటి నివేదిక యనుబంధములలో తెలుగుమండలముల వారి యర్జీలను గ్రామముల ననుసరించి యేర్చి, అందలి పదములకు సరియైన రూపములు నిర్ణయించి, తెలుగున బ్రకటించుట రెండవది. పన్ను బాకీనిగూర్చి, బందిఖాననుగూర్చి, ఠాణానుగూర్చి జానపదులు చెప్పుకొను పాటలను, సామెతలను, ఆ మాటలు మఱుపున బడకమున్నే సేకరించుట మూడవది. కావ్యములకు చేసిన పరిష్కరణము వీనికి చేయుట యగౌరవము గాదు. పాఠభేదమును విచారించుటలో తెలుగువిమర్శకులు గడించిన నేర్పు వాఙ్మూలమును చదువుటకు సరిగా పనికివచ్చునది. ఒక్క యక్షరము మాఱినచో నర్థము మాఱునని వారికి దెలియును గదా.

కాణిపాకమున బాహుదలో స్నానమాడి ప్రమాణము చేయువారు నేటికిని కలరు. లిఖితుని చేతులు తిరిగి వచ్చెనని నమ్ముటలో తప్పులేదు. కాని చేతులు నఱికిన కత్తి యెవరిది, ఆ దినమేది, చూచినవారెవరు అను ప్రశ్నలను ఆ స్థలకథ అడుగలేదు. నదియే చేతులు నీయగలిగిన యుగమున ఆ ప్రశ్నలతో పనిలేదు. ఈ యుగమున చేతులు తిరిగి రావు. మాటయే రావలెను, అది యెవని నోటనుండి వచ్చినను, వచ్చిన భాషలోనే, వచ్చినది వచ్చినట్లే వ్రాయబడవలెను.